రక్తసంబంధము - పూర్వాశ్రయము

వీరశైవమున దీక్ష పొందిన భక్తునికి పూర్వాశ్రయము లేదని పెద్దలు చెప్పుదురు. గురువు తన హస్తముతో ఇష్టలింగమును ప్రసాదించిన క్షణమున శిష్యుడు గురుకరజాతుడగుచున్నాడు. అంతకు ముందటి కులమును, వంశమును అడుగరాదు, అడుగుట దోషము. ఈ మాట మఠములలో తరతరములుగా వినబడుచున్నదే. అయితే ఎన్నడును అడుగని ప్రశ్నకు సమాధానము తనంతట తాను వచ్చి గడపలో నిలిచినచో గృహస్థుడేమి చేయవలెను?

అమెరికా దేశమున ఇట్టిది నేడు తరచుగా జరుగుచున్నది. అచ్చట ఒక చిన్న పెట్టెలో గొట్టము పెట్టి అమ్ముదురు. కొన్నవారు ఇంటివద్దనే అందులో ఉమ్మి, మూత బిగించి, తపాలాలో ప్రయోగశాలకు పంపుదురు. కొన్ని వారములకు ఫలితము వచ్చును. ప్రతి మనుష్యుడును తన డి.ఎన్.ఏ.లో సగము తల్లినుండి, సగము తండ్రినుండి పొందును. కనుక తోబుట్టువులకు దాదాపు సగము, తండ్రి ఒక్కడై తల్లులు వేరైనవారికి నాలుగవ పాలు, అన్నదమ్ముల బిడ్డలకు ఎనిమిదవ పాలు సమానముగ నుండును. ప్రయోగశాల ఆ పాలును కొలిచి, అంతకు మునుపు ఉమ్మి పంపినవారితో పోల్చి, వీరు మీకు ఇంత దగ్గరి చుట్టములని చెప్పును. యాన్సెస్ట్రీ అను ఒక్క సంస్థయొద్దనే 2 కోట్ల 50 లక్షలకు మించిన జనుల వివరములున్నవి. అంత జనములో ఎవనికైనను ఎక్కడనో ఒక తెలియని చుట్టము దొరకకపోడు. పరీక్ష చేయించుకొనినవారు కొందరే యైనను, చేయించుకొనని వారి రహస్యములు కూడ బయటపడుచున్నవి. ఇది ఆలోచింపదగిన విషయము.

2012లో ఆ దేశపు స్త్రీ ఒకతె వినోదమునకై ఈ పరీక్ష చేయించుకొనెను. తలిదండ్రులిరువురును ఐర్లండు మొదలగు ప్రాంతముల మూలమువారు, కాథలిక్కులు అని ఆ ఇంటి నమ్మకము. ఫలితములో దాదాపు సగము యూదుల అంశ కనబడెను. ప్రయోగశాలవారు పొరబడిరని మొదట తలచి, తోబుట్టువులచేత కూడ పరీక్ష చేయించెను; అదే వచ్చెను. తల్లివైపు బంధువు ఆమెతో కలిసెను. తండ్రి సోదరి కుమారుడు మాత్రము కలియలేదు. అనగా తండ్రియే తన తోబుట్టువునకు రక్తసంబంధి కాడు! ఆ తండ్రి 1913లో న్యూయార్కు నగరము బ్రాంక్స్ ప్రాంతపు ఆసుపత్రిలో పుట్టినవాడు. శైశవమున తల్లి గతింపగా కాథలిక్కు అనాథశాలలో పెరిగినవాడు. ఆమె ఏండ్లతరబడి వెదకెను. తుదకు 2015లో మరొక కుటుంబపు స్త్రీ, తాను యూదురాలనని నమ్మి పరీక్ష చేయించుకొనగా, ఐర్లండు అంశ బయటపడెను. తెలియని చుట్టముగా ఆ మేనత్త కుమారుడే కనబడెను. అప్పుడు విషయము తేటపడెను. ఒకే ఆసుపత్రిలో పుట్టిన ఇద్దరు శిశువులు తారుమారై ఒకరి తల్లి ఒడికి మరొకరు చేరిరి. యూదుల బిడ్డ కాథలిక్కుగ పెరిగెను. కాథలిక్కుల బిడ్డ యూదుడుగ పెరిగెను. ఇద్దరును తమ సంగతి తాము తెలియకయే లోకము విడిచిరి. మతము నెత్తుటిలో పుట్టునని వాదించువారు ఈ ఇద్దరి జీవితములను చూపి ఏమి చెప్పగలరో!

డానీ షపీరో అను రచయిత్రి కథ ఇంతకంటె లోతైనది. ఆమె తండ్రి ఆచారపరాయణుడైన యూదుడు. ఆ వంశము ధర్మనిష్ఠకు పేరుగన్నది. పూర్వుల ఛాయాచిత్రములను చూచుచు, వారి ప్రార్థనలను వినుచు పెరిగి, ఆ వంశమే తన ఆధారమని ఆమె నమ్మెను. 2016లో, తండ్రి గతించిన చాలాకాలమునకు, యాభై ఏండ్లు దాటిన వయసున చేయించుకొనిన పరీక్ష ఆయన ఆమెకు జన్మనిచ్చిన తండ్రి కాడని చెప్పెను. సంతానము కలుగక తలిదండ్రులు ఒక వైద్యుని ఆశ్రయింపగా, ఒక వైద్యవిద్యార్థి వీర్యముతో తల్లికి గర్భధారణ జరిగినది. ఆ కాలపు వైద్యులు కొందరు భర్త వీర్యమును కూడ అందులో కలుపుచుండిరట. బిడ్డ భర్తదే కావచ్చునను ఆశ మిగులవలెనని. ఎవరికిని చెప్పవలదనియు బోధించిరి. దంపతులకు ఓదార్పుగ చేసినదే, యాభై ఏండ్ల తరువాత బిడ్డకు పిడుగుపాటైనది. ఈ అనుభవమును ఆమె 2019లో గ్రంథముగ ప్రకటించెను.

ఇచ్చట శరణుల మార్గమును తలచుకొనవలెను. బసవేశ్వరుడు బాగేవాడి బ్రాహ్మణ గృహమున మాదరసు, మాదలాంబికలకు జన్మించెను. ఆ సంగతి ఆయన దాచలేదు. కాని తన బంధువులెవరని చెప్పవలసి వచ్చినపుడు మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను పితృస్థానమున నిలిపి, కిన్నర బ్రహ్మయ్యను అన్నగా చెప్పుకొనెను. ఒకరు చర్మకారులు, ఒకరు తోళ్లు పదును చేయువారు. రాజుకొలువున భండారియై యున్నవాడు పలికిన మాట యిది. వినయమునకు చెప్పిన చమత్కారమని దీనిని తీసివేయువారున్నారు. చమత్కారమే యైనచో కల్యాణమున అంతటి అనర్థము జరిగియుండదు. బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెను చర్మకారుడైన హరళయ్య కుమారునకిచ్చి వివాహము జరిపినపుడు ఆ తండ్రులిరువురును ప్రాణములతో దాని మూల్యము చెల్లించిరి.

ఇంకొక విశేషమును గమనింపవలెను. శరణులు పూర్వాశ్రయమును అడుగలేదేకాని దాచలేదు. మడివాలు మాచయ్య పేరులో చాకలి వృత్తి ఉన్నది. అంబిగర చౌడయ్య పేరులో పడవ నడుపు వృత్తి ఉన్నది. ఎనిమిది శతాబ్దములకు పైగా ఆ పేర్లు అట్లే పలుకబడుచున్నవి. పుట్టుకను దాచి పెద్దరికము తెచ్చుకొనుట అనుభవమంటప ధర్మము కాదు. అందరియెదుట చెప్పి, చెప్పినందువలన ఎవడును తగ్గడని చూపుటయే వారు చేసినది. దాచబడినంతకాలము పుట్టుకకు భయపెట్టు శక్తి యుండును.

తెలుగునాట కుటుంబములలో దాపరికము లేదా? చెల్లెలి బిడ్డను అక్క పెంచుకొనును. ఊరివారికి తెలియును, బంధువులకు తెలియును, తెలియనిది ఆ బిడ్డ ఒక్కనికే. ఏ పెండ్లి పందిరిలోనో, ఆస్తి పంపకములోనో, నోరు జారిన బంధువు మూలమున అతడు వినును. అప్పుడతనిని కుంగదీయునది పుట్టుక కాదు. ఇందరు కలిసి ఇన్నాళ్లు తన్ను వంచించిరను తలపు. పెంచినవారే, తమ ఒడిలో కూర్చుండబెట్టుకొని, చిన్ననాడే చెప్పియుండిన ఈ దుఃఖము లేకపోవును. 2022 నాటి మన దేశపు దత్తత నిబంధనలు కూడ 18 ఏండ్లు నిండినవాడు తన మూలమును వెదకుటకు స్వయముగ అర్జీ పెట్టుకొనవచ్చునని అంగీకరించినవి. అయితే కన్నతల్లి గోప్యతకు భంగము రాకూడదు. ఆ తల్లి పక్షమునను న్యాయమున్నది. ఏ కష్టములో బిడ్డను విడిచెనో, ఎవరికి చెప్పుకొనలేక బ్రదికెనో! ఆమె తలుపు హఠాత్తుగ తట్టుటకు ముందు దయతో ఆలోచింపవలెను. శరణధర్మమునకు దయయే మూలము కదా. వెదకుట తప్పు కాదు. వంశపు రోగములు తెలిసికొనుటకును, తన ముఖమువంటి ముఖమును ఒక్కసారి చూడవలెనను ఆశకును ఎవరడ్డు చెప్పగలరు?

తప్పు మరియొకచోట నున్నది. బసవ జయంతినాడు సభలో కులము లేదని పలికి, మరునాడు సంబంధము మాటాడునప్పుడు ఏ శాఖ, ఏ ఉపశాఖ అని మూడు తరములు తరచి అడుగు ఇండ్లు మనలో లేకపోలేదు. అట్టివారు హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధనను వినవలెను. దేశములోని 25 సముదాయముల డి.ఎన్.ఏ.ను పరిశీలించి, నేటి జనులలో దాదాపు అందరును రెండు ప్రాచీన జనసమూహముల కలయికవలన కలిగినవారేయని, అగ్రకులములనుండి అడవిజాతులవరకు ఆ కలయిక వ్యాపించియున్నదని వారు తేల్చిరి. ఆ కలయిక సుమారు 4,200 ఏండ్లనుండి 1,900 ఏండ్లక్రిందటివరకు జరిగినదని 2013 నాటి మరొక పరిశోధన చెప్పెను. కంచెలు ఆ తరువాత బిగిసినవే. మూడు తరములు అడుగువారు నూరు తరములు అడిగినచో వరుని ఇంటను, వధువు ఇంటను ఒకే సమాధానము వచ్చును.

షపీరో సత్యము తెలిసికొనిన పిదప జన్మకారకుడైన వృద్ధుని వెదకి కలిసికొనెను. ఆయన మర్యాదతో ఆదరించెను. కాని ఆమె గుండెలోని భయము వేరు. తండ్రికి సోదరి, తొంబది దాటిన మేనత్త ఇంకను జీవించియుండెను. ఆ వంశపు ఆచారములను పాటించుచున్న పెద్దది. రక్తము లేదని తెలిసినచో ఈ మేనకోడలు ఆమెకు ఏమగును? చెప్పక దాచుటకు వీలుండియు ఆమె ఆ మేనత్త ఇంటికి స్వయముగ వెళ్లి, ఎదుట కూర్చుండి, ఉన్నదున్నట్లు చెప్పెను. వృద్ధురాలు అంతయు వినెను. విని, నీవు నా సోదరుని కూతురవు కావని అనలేదు. అంతకుముందువలెనే దగ్గరకు తీసికొనెను.