కట్లు విప్పుటకు చదువు

లేఖన భాగములు: యోహాను 11:38–44, సామెతలు 23:29–35, గలతీయులకు 6:1–5



ఈ నెల మీతో ఒక పరీక్షను గూర్చి మాటలాడవలెనని యున్నది. పరీక్ష అనగానే మీరు యోబు పరీక్షయో అబ్రాహాము పరీక్షయో అనుకొందురు. అది కాదు. ప్రశ్నపత్రము, గడియారము, హాలు టిక్కెట్టు గల పరీక్షయే. మన భట్టిప్రోలు ప్రాంతపు సంఘములో పెరిగిన ఒక అమ్మాయి, తాగుడుకును మత్తుమందులకును బానిసలైనవారికి సలహాదారుగా పనిచేయుటకు ధ్రువపత్రము కోరి చదువుచున్నది. ఆమె పేరు వ్రాయను. ఎందుకు వ్రాయనో చివర చెప్పెదను.

ఆమె డిగ్రీ చదివి, దూరపు పట్టణములో ఒక పునరావాస కేంద్రమందు పని చేయుచున్నది. శనివారము సాయంత్రము తెనాలి–రేపల్లె బండిలో దిగి వచ్చును. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మా వరండాలో పుస్తకములు పరచుకొని కూర్చుండును. అవి ఇంగ్లీషు పుస్తకములు. నాకు మిగిలియున్న ఇంగ్లీషు ఆమెకు, ఆమెకు తెలిసిన వైద్యము నాకు, ఈలాగున కొన్ని నెలలుగా చదువు సాగుచున్నది. మొదటి దినమున నేను నవ్వితిని. "తాగుడు మానుమని చెప్పుటకు పరీక్ష ఎందుకు తల్లీ? నలువది ఏండ్లుగా నేను చెప్పుచునే యున్నాను గదా" అంటిని. "అవునండి అయ్యగారూ, ఎందరు మానినారండి?" అని ఆమె అడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద లెక్క లేదు. చనిపోయినవారి లెక్క మాత్రము సమాధుల తోటలో ఉన్నది.

ఈ చదువు ఎక్కడిదో మీకు చెప్పవలెను. 1951లో ఆరంభమైన కొలంబో ప్రణాళికలో మన దేశము మొదటినుండి సభ్యురాలు. ఆ ప్రణాళిక 1973లో మాదకద్రవ్యములను గూర్చి ఒక సలహా విభాగమును ఏర్పరచెను. సలహాదారుల కొరకు ఆ విభాగము సిద్ధపరచిన ప్రాథమిక పాఠ్యక్రమములో ఎనిమిది భాగములున్నవి. మత్తు శరీరమును మెదడును ఏమి చేయునో మొదటి భాగము చెప్పును. చికిత్స ఎట్లు సాగునో, తాగుడుతోకూడ వచ్చు మనోవ్యాధులు ఎవ్వియో, మనిషితో ఎట్లు మాటలాడవలెనో, అతని స్థితిని ఎట్లు విచారించి వ్రాసికొనవలెనో, అవసరమైన సహాయములను అతనికి ఎట్లు సమకూర్చవలెనో, ప్రాణాపాయ సమయమున ఏమి చేయవలెనో తక్కిన భాగములు నేర్పును. ఎనిమిదవది వృత్తి ధర్మము. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయములో పౌలు, యోగ్యుడని తేలిన పనివానివలె దేవుని ముందర నిలువుమని అతనిని హెచ్చరించుచున్నాడు. యోగ్యుడని తేలవలెనన్న ఎవరైనను పరీక్షింపవలెను గదా.

విచారించు పాఠములో నాలుగు ప్రశ్నలున్నవి. జాన్ యూయింగ్ అను అమెరికా వైద్యుడు వాటిని కూర్చి 1984లో ప్రచురించెను. తాగుడు తగ్గించుకొనవలెనని నీకెప్పుడైన తోచినదా? నీ తాగుడును గూర్చి ఇతరులు అన్న మాటలు నీకు విసుగు పుట్టించినవా? తాగినందుకు తప్పు చేసితినని బాధపడితివా? తెల్లవారగానే వణుకు తీరుటకో నిన్నటి మత్తు దిగుటకో మొదట గ్లాసు పట్టితివా? రెంటికి అవునన్నచో ఆ మనిషిని ఇంకను శ్రద్ధగా విచారింపవలెను.

అమ్మాయి ఇవి చదువుచుండగా నేను లోపలికి పోయి సామెతల గ్రంథము తెచ్చితిని. ఇరువది మూడవ అధ్యాయపు చివర చూడుడి. ఎర్రబడిన కన్నులు, ఊరకనే తగిలిన గాయములు, ఓడ కొయ్యమీద పండుకొన్నట్లు తల తిరుగుట, దెబ్బ తగిలినను నొప్పి తెలియకుండుట, ఇవన్నియు అక్కడ ఉన్నవి. ఆఖరి వచనములో ఆ మనిషి తానెప్పుడు మేలుకొందునా, మరల దానినే వెదకుదునా అని యోచించుచున్నాడు. అది నాలుగవ ప్రశ్నయే. ఆ వచనమును నేను ఎన్నియో పర్యాయములు తిట్టుగా చదివితిని. అది రోగ లక్షణముల వర్ణన అని ఆ వరండాలో కూర్చున్నప్పుడే నాకు తెలిసెను.

మాటలాడు పాఠము మరియొకటి. విలియం మిల్లర్ అను మనశ్శాస్త్రవేత్త 1983లో ఒక పద్ధతిని వివరించెను. దాని సారమిది: తాగువానిని గద్దించినకొలది అతడు తన తాగుడును సమర్థించుకొనును; అడిగి ఊరకుండినయెడల మానుటకు గల కారణములు తన నోటనే చెప్పుకొనును. ఇది చదివి నేను బేతెస్ద కోనేటియొద్దకు పోయితిని. ముప్పది యెనిమిది ఏండ్లనుండి పడియున్న రోగిని ప్రభువు మొదట అడిగినది, బాగుపడుటకు నీకిష్టమా అనియే. ఇష్టము లేకుండునా, ఇది యేమి ప్రశ్న అని మనము అనుకొందుము. ఆ రోగి అవును అనలేదు. నన్ను దింపువాడు లేడని ఫిర్యాదు చెప్పెను. ప్రభువు ఆ ఫిర్యాదంతయు వినెను. మన ప్రసంగపీఠములనుండి తాగుబోతులకు వినబడు మాటలలో ప్రశ్న ఒక్కటైనను ఉండదు.

(మన దేశమందు 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైనవారిలో ముప్పది యెనిమిది మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందిరి. ఈ ముప్పది యెనిమిదికి ఆ ముప్పది యెనిమిదికి ముడిపెట్టి సిద్ధాంతము కట్టను. కాని కోనేటి మెట్లమీద పడియున్నవారు ఎందరో మీకు తెలియుటకు వ్రాసితిని.)

ఇప్పుడు నేను చెప్పవలసిన సంగతికి వచ్చితిని. ఇరువది ఏండ్లకు పైబడినది. ఒక ఉజ్జీవ కూటముల రాత్రి, లంక గ్రామమునుండి వచ్చిన ఒక సహోదరుడు ముందుకు వచ్చి మోకాళ్లూని యేడ్చెను. ఏండ్ల తరబడి ప్రతి దినము ఉదయమునుండి తాగువాడు. నేను అతని తలమీద చేతులుంచి, ఈ రాత్రినుండి ఒక్క చుక్కయు ముట్టవద్దని ఆజ్ఞాపించితిని. ఎంత బతిమాలినను ఇయ్యవద్దని అతని భార్యతో చెప్పితిని. మరుసటి దినమున చేతులు వణకెను, ఒళ్లంతయు చెమట పట్టెను. సాతాను విడువలేక పోరాడుచున్నాడని చెప్పితిని. ఆ రాత్రి మూర్ఛ వచ్చెను. మూడవ దినమున గోడమీద పురుగులు పాకుచున్నవని కేకలు వేసెను, భార్యను గుర్తింపలేదు. మేము నులకమంచమునకు అతనిని కట్టి ప్రార్థించితిమి. నాలుగవ దినమున తెల్లవారక మునుపే చనిపోయెను. రేపల్లె ఆసుపత్రికి బండి కట్టుద మని ఎవరో అన్నప్పుడు, విశ్వాసము చాలదా అని అడ్డుపడినవాడను నేనే. సమాధియొద్ద, అతడు మారుమనస్సుతో వెళ్లెనని చెప్పితిని. అది నేటికిని నమ్ముచున్నాను. అయినను వెళ్లవలసిన దినము అది కాదు.

పాఠములో ఉన్నది ఇది. ఏండ్లకొలది మద్యము మెదడును అణచియుంచగా, ఆ బరువునకు ఎదురుగా మెదడు తానును బిగిసికొని యుండును. బరువును ఒక్కసారి తీసివేసినయెడల బిగిసిన తీగె విదిలించినట్లగును. వణుకు, చెమట సాధారణముగా ఆరు గంటలనుండి ఒక దినములోగా మొదలగును. మూర్ఛలు ఎక్కువగా మొదటి రెండు దినములలో వచ్చును. లేనివి కనబడుట, మతి తప్పుట, జ్వరము రెండవ దినమునుండి నాలుగవ దినములోగా రావచ్చును. ఇది ప్రాణాపాయము. ఆసుపత్రిలో మందు ఇచ్చి, విటమిన్ బి1 ఎక్కించి, కనిపెట్టుకొని యున్నయెడల చాలమంది బ్రదుకుదురు. అందుచేత ప్రతి దినము అధికముగా తాగువానిని వైద్యుని సహాయము లేకుండ ఒక్కసారిగా మానిపింపకూడదు. వణుకు కనబడగానే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రార్థించుచునే తీసికొనిపోవుడి, బండిలో ప్రార్థనకు అడ్డు లేదు.

ఈ పేజీ చదువుచున్నప్పుడు ఆ అమ్మాయి తల ఎత్తలేదు. చదివి ముగించి, "నాయనకు ఏ దినమున ఏమి వచ్చినదో అమ్మనడిగి లెక్క వేసికొన్నానండి అయ్యగారూ. అంతయు ఇందులో ఉన్నట్లే జరిగినది. మీమీద కోపము లేదండి. ఈ పాఠములో మాత్రము నాకు ఒక్క మార్కయినను పోగూడదు" అనెను. నాకు నోట మాట రాలేదు. ఇంటావిడ కాఫీ తెచ్చి పెట్టెను. అది చల్లారిపోయెను.

లాజరును లేపుటకు ప్రభువు ఎవరి సహాయమును అడుగలేదు. కాని రాయి తీయుమని అక్కడివారితో చెప్పెను. లాజరు బయటికి వచ్చినప్పుడు కాళ్లు చేతులు కట్లతోనే యున్నవి, ముఖమునకు రుమాలు ఉన్నది. ఆ కట్లు విప్పు పనిని ప్రభువు చుట్టును నిలిచినవారికి అప్పగించెను. ముఖపు కట్టు ముందు విప్పకుండ కాళ్లు లాగినచో ఏమగునో ఆలోచింపుడి. గలతీ సంఘమునకు వ్రాయుచు పౌలు, తప్పిదములో చిక్కినవానిని సాత్వికముతో దారికి తెమ్మనుచున్నాడు. అక్కడ వాడిన గ్రీకు మాటయే మార్కు మొదటి అధ్యాయములో యాకోబు యోహానులు వలలు బాగుచేసికొనుటకును వాడబడినది. నిజాంపట్నము రేవునకు పోయినవారు చూచియుందురు. చిరిగిన వలను ఎవరును కోపముతో బాగుచేయరు. ఏ కన్ను ఎక్కడ తెగినదో వ్రేళ్లతో వెదకుదురు, నూలు సరిపోల్చి ముడి వేయుదురు. ఆ ముడి నేర్చుకొనుటకు పిల్లలకు కొన్ని ఏండ్లు పట్టును.

మన పెద్దలకు ఇది క్రొత్త కాదు. గుంటూరునకు 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ దొరసాని 1879లోనే వైద్య పట్టము పొందియుండెను. ఆమెను మొదట పంపినది వైద్యమునకు కాదు, స్త్రీలకు బోధించు పనికి. ఆమె తన వైద్యమును విడువలేదు. 1898లో ఆసుపత్రి తెరువబడెను. ప్రేమ ఉన్నది గనుక చదువు అక్కరలేదని ఆమె అనుకొన్నయెడల, మీలో కొందరి తాతమ్మలు కాన్పులో బ్రదికియుండరు. మదరాసులో శాంతి రంగనాథన్ గారు, తాగుడువలన భర్త మరణించిన పిమ్మట, 1980లో ఆయన పేరట చికిత్సా సంస్థను స్థాపించిరి. దుఃఖము ఆమెను ఇంటిలో కూర్చుండనీయలేదు. మా అమ్మాయికి ఆమె ఫోటో ఒకటి పుస్తకములో ఉన్నది.

మద్యనిషేధమును గూర్చి అడుగుదురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరాస్యత తరగతులలో చదువుకొనుచు, సారాయి దుకాణమునకు ఎదురు తిరిగిరి. 1993 అక్టోబరులో సారాయి నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో ఎత్తివేయబడెను. ఆ స్త్రీలకు వందనము చేయుచున్నాను. అయితే దుకాణము మూసిన రాత్రి వణకు చేతులను ఎవరు పట్టుకొందురు? అది వేరే పని, దానికి వేరే పనివారు కావలెను.

ఎనిమిదవ భాగమునకు వచ్చెదను, ఇది మన స్త్రీల సమాజమునకు కొంచెము గట్టిగా తగులును. సలహాదారు తాను విన్న రహస్యమును బయట పెట్టరాదు. ప్రాణాపాయము వంటి కొద్ది సందర్భములు మాత్రమే దీనికి మినహాయింపు. మనమేమి చేయుచున్నాము? బుధవారపు కూటములో లేచి, ఫలాని వీధి ఫలానివాని తాగుడు మానునట్లు ప్రార్థింపుడని విన్నవించుచున్నాము. ఆమేన్ చెప్పకమునుపే ఆ వార్త చెరువుగట్టు చేరుచున్నది. ఆ మనిషి మరల గుడి మెట్లెక్కడు. పేరు చెప్పకపోయినను దేవునికి చిరునామా తెలియును. అందుకే అమ్మాయి పేరు ఇక్కడ వ్రాయలేదు. ఆమె పేరు తెలిసినచో ఆమె నాయన పేరు తెలియును, ఆమెయొద్దకు వచ్చువారి ముఖములను మీరు వెదకుదురు.

పరీక్ష వచ్చే నెలలో. ప్రయాణపు ఖర్చు సంఘమే భరించునట్లు పెద్దలు తీర్మానించిరి. అంతవరకు తొందరగా సహాయము కావలసినవారు ప్రభుత్వము నడుపు 14446 అను నంబరునకు ఫోను చేయవచ్చును, డబ్బు అక్కరలేదు. ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు గుడి వెనుకనున్న చిన్నగది తెరచియుండును. తాగువారు రావచ్చును, వారి భార్యలును తల్లులును రావచ్చును. ఎవరు లోపలికి వెళ్లుచున్నారో చూచుటకు ఎదుటి అరుగుమీద ఎవరును కూర్చుండవద్దని ఆమె మనవి. నేనును ఆ వేళకు తాళపుచెవి ఆమెకిచ్చి ఇంటికి పోయెదను.