ఎదురుపాట లేని నవ్వు

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని మనకో సామెత ఉంది. నవ్వు గురించిన నీతులు ఎక్కువగా ఆడవాళ్లకే చెప్పింది మన సమాజం. అయినా ఆడవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. తమని ఎగతాళి చేసే మాటలకి కూడా నవ్వుతున్నారు. అలా నవ్వడం ఆ మాటల్ని ఒప్పుకోవడమేనా?

మిర్యాలగూడ నుంచి సాగర్ పోయే దారిలో నిడమనూరు దాటాక హాలియా వస్తుంది. ఎడమ కాలువ నీళ్లతో వరి పండించే ఊళ్లకి అది బజారు. 2000ల మొదట్లో ఇలాంటి బజార్లలో జానపద హాస్యగీతాల క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు బాగా నడిచాయి. ఒక కళాబృందం, కొన్ని పాటలు, పాటకీ పాటకీ మధ్య చిన్న హాస్య సన్నివేశాలు. వాటిలో తరచూ వినబడే జంట తాగుబోతు మొగుడూ, గయ్యాళి పెళ్లామూ. పెళ్లాం గొంతు చాలాసార్లు మగవాడిదే, సన్నగా మార్చినది. ఆమె తిడుతుంది. అతను తూలుతూ ఏదో గొణుగుతాడు. డప్పు మీద ఒక్క దెబ్బ. ఆ దెబ్బ ఎవరికి పడిందో మనకి అర్థమవుతుంది. నవ్వు అక్కడే పుడుతుంది.

పెళ్లిపాటలు సేకరిస్తూ ఆ పక్క ఊళ్లలో తిరిగినప్పుడు, నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు ఇలాంటి సన్నివేశానికి విరగబడి నవ్వడం చూశాను. వాళ్లలో ఒకామె సీడీ ప్లేయర్ కేసి చెయ్యి చూపిస్తూ, "మంచిగనే ఉన్నది గని బిడ్డా, మనం జవాబు జెప్తె ఇది ఇంటదా?" అంది.

ఈ ప్రశ్నకి రెండు తేలిక జవాబులున్నాయి. ఆడవాళ్లే నవ్వుతుంటే మీకేం బాధ అనేది ఒకటి. వాళ్లకి చైతన్యం లేదు అనేది రెండోది, ఇది మన వైపు నుంచి వచ్చేది. ఈ రెండూ నవ్విన మనిషిని లెక్కలోకి తీసుకోవు. తాగొచ్చిన మొగుణ్ణి చూసి ఇంట్లో నవ్వితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. సీడీలో తాగుబోతుని చూసి నవ్వడానికి ఆ భయం లేదు. కాబట్టి ఆ నవ్వులో కొంత ఆమె సొంతం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మారుమోగిన సారా వ్యతిరేక ఉద్యమంలో, తాగుబోతుల్ని నలుగురిలో నవ్వులపాలు చేయడం ఆడవాళ్ల ఆయుధాల్లో ఒకటి. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. అక్కడ ఎవర్ని చూసి నవ్వాలో ఆడవాళ్లే తేల్చుకున్నారు. సీడీలో నవ్వు తాగుబోతు మీద మొదలై, దెబ్బ తిన్న మనిషి మీద ముగుస్తుంది.

నవ్వులపాలు కావడమంటే ఏమిటో తెలంగాణకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగు సినిమాలు చాలాకాలం మన యాసని రౌడీకో, జోకర్‌కో అంటగట్టాయి. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం ఆ లెక్కని తిప్పేసింది. అదే యాస, కానీ ఇప్పుడు నవ్వించేది ఆ యాసవాళ్లే, ఎగతాళి పాలకుల మీద. మాట్లాడే వంతు తమ చేతికి వస్తే ఎంత మారుతుందో ఇంత బాగా తెలిసిన నేల మీద, పెళ్లాం గొంతు మాత్రం మగవాడి నోట్లోనే ఎందుకు ఉండిపోయింది?

పెళ్లిపాటల్లో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలుంటాయి. ఆమె తిండిపోతు, పిసినారి, మొగుణ్ణి ఆడించేది. ఆ పాటలేమీ సుకుమారమైనవి కావు. రంగునీ రూపాన్నీ గుచ్చే మాటలు వాటిలోనూ ఉన్నాయి. కానీ ఆడపెళ్లివారు పాడితే మగపెళ్లివారు ఊరుకోరు, ఎదురుపాట అందుకుంటారు. పైగా పాట పడిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటుంది. ఆమె మొహం చిన్నబోతే ఎవరో ఒకరు పాట మార్చేస్తారు. సీడీలో ఎదురుపాటకి చోటు లేదు. దాని ముందు ఎవరి మొహం చిన్నబోయినా అది ఆగదు.

ఒప్పుకుందా అని అడగాలంటే ముందు కాదనే వీలు ఆమెకి ఉండాలి. ఆ వీలు లేని చోట నవ్విన ఆడదాన్ని నిలదీయడం అన్యాయం. జవాబు చెప్పుకోవలసింది ఆ సన్నివేశాన్ని అల్లినవాళ్లు.

ఆడవాళ్ల వంతు నవ్వుని మనం ఎలా గుర్తుపెట్టుకున్నామో మయసభ చెబుతుంది. వ్యాస భారతం సభాపర్వంలో కథకుడి మాట ప్రకారం, నీళ్లలో పడ్డ దుర్యోధనుణ్ణి చూసి నవ్వింది భీముడూ, అతని తమ్ముళ్లూ, సేవకులూ. ద్రౌపది నవ్విందన్నది తర్వాత దుర్యోధనుడు తండ్రి దగ్గర చెప్పుకున్న గోడు. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో మాత్రం ఆమె నవ్వే ఆ ఘట్టానికి ప్రాణం. ఆ సంభాషణలు ఊరూరా మైకుల్లో మోగాయి. మగవాళ్ల నవ్వు మరుపున పడింది. యుద్ధం నింద ఆమె నవ్వు మీదికొచ్చింది.

ఇప్పుడు క్యాసెట్లు పోయి ఫోన్లొచ్చాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పుట్టిన 'మై విలేజ్ షో'లో గంగవ్వని చూసి కోట్లమంది నవ్వారు. 2020లో ఆమె 'బిగ్‌బాస్' దాకా వెళ్లింది. ఆమె వయసునీ, అమాయకత్వాన్నీ చూసి నవ్వేవాళ్లు లేకపోలేదు. కానీ తిట్టూ ఆమెదే, గొంతూ ఆమెదే. ఎవరేమన్నా మాట తిప్పికొట్టగలదు. ఈ తేడా చిన్నది కాదు.

హాస్యంలోంచి గయ్యాళి పెళ్లాన్ని తీసెయ్యమని నేను అడగను. ఆమెని ఆమె గొంతుతోనే రమ్మనండి. డప్పు మీద దెబ్బ పడ్డాక ఆమె ఏమందో అది కూడా రికార్డు చెయ్యండి. నవ్వొస్తుందో లేదో అప్పుడు చూద్దాం.