చిట్టెలుకకు పడ్డ బాకీ
పసిపిల్లల కేన్సర్‌కు మందు వెతకడానికి ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకకు ఆ రోగమే తెప్పించడం ధర్మమేనా? అహింస గురించి బెజవాడకు కొత్తగా చెప్పనక్కరలేదు. 7వ శతాబ్దిలో తూర్పు చాళుక్య రాణి అయ్యణ మహాదేవి ఇక్కడి నడుంబి వసతి అనే జైన బసదికి ముసినికొండ గ్రామాన్ని దానమిచ్చింది. దిగువన భట్టిప్రోలు, ఘంటసాలల్లో బౌద్ధ స్తూపాలు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే వెలిశాయి. ప్రాణిహింస పాపమని రెండు మతాలూ ఒప్పుకున్నాయి. పేచీ దాన్ని లెక్కగట్టడంలో. తెలియక చేసినా హింస హింసేనన్నారు జైనులు. చేసినవాడి సంకల్పం చూడమన్నారు బౌద్ధులు.

పరిశోధకులు సహజంగా బౌద్ధుల పక్షం చేరతారు. చరిత్రా వారికి కొంత దన్నే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన పదార్థాలను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు. ఫోలిక్ యాసిడ్ జాతికి చెందిన మొదటివి రోగాన్ని ఎగదోసినట్టు కనిపించాయి. ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్ ఇచ్చాక, 1948 నివేదిక ప్రకారం, 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది, అదీ కొన్నాళ్లే. ఆ మొదటి తప్పటడుగు పడింది పసివాళ్ల ఒంటి మీద. ఎలుకను వదిలేస్తే ఆ ప్రమాదం మంచం మీది బిడ్డకు చుట్టుకుంటుంది.

అయినా మంచి సంకల్పం ఒక్కటే చాలదు. న్యూరోబ్లాస్టోమా అనే కేన్సర్ ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు, తరచు మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలో పుడుతుంది. ఎలుక చర్మం కింద కణాలు ఎక్కించడం సులువే, కానీ అక్కడి కణితి బిడ్డ కడుపులోని దానిలా నడుచుకోదు. అలాంటప్పుడు ఎలుక చావు చాలావరకు వృథా. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ, పొట్ట కోయకుండా సూదిని ఆ గ్రంథి దాకా పంపగలుగుతున్నారు. కణితిని అదే ఎలుకలో పదేపదే కొలవచ్చు కనుక దశకు కొన్నింటిని చంపి చూసే పని తగ్గింది. గాజుపాత్రలో కణాలు చాలవా అనవచ్చు. 2023లో మన దేశ కొత్త మందుల నిబంధనలూ జంతువులు లేని పరీక్షలకు దారి తెరిచాయి; చాలినచోట అవే వాడాలి. కానీ కణితి రక్తనాళాలు అల్లుకుని ఎముక మజ్జకు పాకే తీరు పూర్తిగా తెలిసేది ఇప్పటికీ బతికున్న ఒంట్లోనే.

అయితే ఆ అల్ట్రాసౌండ్ తెరే ఒక సాకును కూడా లాగేసుకుంది. లోపల ఎంత పెరిగిందో తెలియలేదని ఇక అనలేరు. హద్దు దాటిందని చూసి కూడా మరికొన్ని అంకెల కోసం ఎలుకను బాధలో ఉంచితే బౌద్ధుల లెక్కలోనూ అది హింసే. అందుకే జంతు ప్రయోగాలను పరిశీలించే నైతిక సంఘానికిచ్చే పత్రంలో ఎన్ని ఎలుకలన్నదానితో పాటు ఏ కొలత దగ్గర ఆపాలో, ఆపమనే అధికారం ఎవరిదో ముందే రాసుండాలి. ఆ అధికారం ఫలితం కోసం ఎదురుచూసే మనిషి చేతిలో ఉండకూడదు.