అద్దాలు కరిగించి పోసిన గంగాళం



నిర్గమకాండంలో గుడారపు నిర్మాణాన్ని వర్ణించే అధ్యాయాలను మనలో చాలామందిమి దాటవేస్తాం. మూరలు, కొలతలు, కొక్కేలు, తెరలు! గురువిద్యాలయంలో నేనూ వాటిని ఆవలిస్తూనే చదివాను. ఈ మధ్య మళ్లీ తిరగేస్తూ 38వ అధ్యాయం 8వ వచనం దగ్గర ఆగిపోయాను. యాజకులు కాళ్లూ చేతులూ కడుగుకొనే కంచు గంగాళాన్ని దేనితో చేశారో తెలుసా? గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీల అద్దాలతో. ఆనాటి అద్దాలంటే మెరుగుపెట్టిన కంచు పలకలే కదా! వాటినే కరిగించి పోశారు.

తెరలకు కావలసిన మేక వెండ్రుకలను ఆ ప్రజలలోని స్త్రీలే వడికారు. కానుకలు అవసరానికి మించి వచ్చిపడుతుంటే, ఇక చాలు, తేవద్దని మోషే పాళెమంతటా చాటింపు వేయించాడు. ఇక చాలు అన్న మాట ఏ కార్యాలయం నుండైనా, ఆ మాటకొస్తే ఏ పండుగ కమిటీ నుండైనా మీరు విన్నారా? ఎంత బంగారం, ఎంత వెండి, ఎంత కంచు వాడారో లెక్క కూడా ఆ అధ్యాయంలోనే వ్రాసి ఉంది.

అది ప్రజలందరి సొత్తుతో జరిగిన పని. నేడు అటువంటి సొత్తు పంచాయతీల చేతిలో, ఆసుపత్రుల చేతిలో, బడుల చేతిలో, రైల్వేల చేతిలో ఉంది. ఏదైనా కొనేటప్పుడు అది ధర్మమా కాదా అన్న ప్రశ్న కూడా అందులో ఉందని పదహారవ బెనెడిక్ట్ పాపుగారు 2009లో తమ విశ్వలేఖలో గుర్తుచేశారు. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు 'లౌదాతో సీ'లో ఆ మాటనే మళ్లీ ఎత్తి చూపారు. ఇంటికి కొనే చీరకు వర్తించే ధర్మం వసతిగృహానికి కొనే వేయి దుప్పట్లకు వర్తించదా?

టెండరులో తక్కువ ధర వేసినవానికే పని ఇవ్వాలనే నియమాన్ని నేను తప్పుపట్టను. దొంగత్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథం చెబుతుంది. స్థానికుల పేరు చెప్పి బావమరిదికి కాంట్రాక్టు కట్టబెట్టేవారు మనకు తెలియనివారు కారు. అయితే ఆ తక్కువ ధరలో ఏమేమి లెక్కకు రాలేదో కూడా చూడాలి. ఒక్కపూట వాడి పారేసిన ప్లాస్టిక్ గ్లాసు మురుగుకాలువలో అడ్డుపడితే, దాన్ని తీయించే కూలి కూడా పురపాలక సంఘం డబ్బే, అంటే మన డబ్బే. పని లేక మగ్గం దిగి వలసపోయిన నేతగాడి కుటుంబం ఏ బిల్లులోనూ కనబడదు.

చట్టం కొంత దారి చూపింది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 20 శాతం చిన్న పరిశ్రమల నుండి తీసుకోవాలని 2012లో ఉత్తర్వు వచ్చింది. 2018లో దాన్ని 25 శాతానికి పెంచి, అందులో 3 శాతం మహిళల సంస్థలకు కేటాయించారు. తారురోడ్లలో వ్యర్థ ప్లాస్టిక్‌ను కలపాలని 2015లో ఆదేశించారు. ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, స్ట్రాలు 2022 జూలై 1 నుండి నిషిద్ధం. కాగితం మీద ఇంత ఉంది. ఆ కాగితాన్ని బల్లమీద పెట్టుకొని కూర్చునే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, సర్పంచులు మన విచారణలలో ఎందరో ఉన్నారు. ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించే చేతులే సోమవారం కొనుగోలు పత్రం మీద సంతకం పెడుతున్నాయి. ఈ మాటలు వ్రాస్తున్నది ముఖ్యంగా వారికోసమే.

ఇతరులకు చెప్పేముందు నా సంగతి చెప్పుకోవాలి. ఆ నిషేధం రాకముందు, నేను కొండప్రాంతంలో విచారణ గురువుగా ఉన్నప్పుడు, దేవాలయ జూబిలీకి పట్నం నుండి లారీలో థర్మాకోల్ పళ్లాలు తెప్పించాను. ధర తక్కువ, పని సుళువు అనుకున్నాను. భోజనాల వేళ మా ఉపగ్రామాలలో ఒకదాని నుండి వచ్చిన తల్లి పళ్లాన్ని తిప్పి తిప్పి చూసింది. ఆమె అడవిలో అడ్డాకులు ఏరి, పుల్లలతో విస్తర్లు కుట్టి సంతలో అమ్ముకొనే మనిషి. "ఫాదర్‌గారూ, మమ్మల్ని అడిగితే కుట్టిపెట్టేవాళ్లం కదా" అన్నది. కోపంగా కాదు. నాకేమి జవాబు చెప్పాలో తోచలేదు. అయిదు రొట్టెల అద్భుతం మీద ఆ ఉదయమే ప్రసంగించాను. మిగిలిన ముక్కలు ఏవీ వ్యర్థం కాకుండా పోగుచేయమని ప్రభువు శిష్యులకు చెప్పాడని గొంతెత్తి మరీ చెప్పాను. సాయంత్రం గుడి వెనుక ఆ పళ్లాల గుట్టను తగలబెట్టారు. నల్లటి పొగ గంట స్తంభం దాకా లేచింది.

మరుసటి ఏడాది పండుగకు రెండు నెలల ముందే ఆమెకూ, ఆమె చుట్టుపక్కల ఆడవాళ్లకూ ఎనిమిది వందల విస్తర్లు చెప్పి సగం డబ్బు ముందుగా ఇచ్చాను. ఖర్చు కొంచెం ఎక్కువైంది. ఆర్థిక సంఘంలో ఒకాయన గొణిగాడు. కొన్ని విస్తర్ల కుట్టు వదులై సాంబారు కారింది, అదీ నిజమే. తిన్న ఆకులన్నీ కొబ్బరిచెట్ల మొదళ్లలో పడ్డాయి. ఆ తరువాతి సంవత్సరం ఆమె పండుగకు రెండు నెలల ముందే తానే వచ్చి, ఈసారి ఎన్ని కావాలని అడిగింది.