బ్రేకు లెవరి సొత్తు?

పెద్దలనుండి సంక్రమించిన వస్తువును ఉన్నదున్నట్లు నిలుపుట భక్తియా, లేక దానిని విప్పి బాగుచేసి వాడుకొనుట భక్తియా? ఈ ప్రశ్న ఇల్లువాకిళ్ల విషయమునను, ఆచారముల విషయమునను మన కుటుంబములలో నిత్యము పుట్టుచునే యున్నది. ప్రాతదానిని ముట్టరాదనువారు ఒకవైపు, ప్రాతదనగానే పారవేయుమనువారు ఒకవైపు నిలిచి వాదించుకొనుచుందురు. ఉభయులును సత్యములో సగమే పలుకుచున్నారని మా యభిప్రాయము. ఇటీవల కరీంనగరములో ఒక మోటారు మరమ్మతు షెడ్డున మాకు కలిగిన యనుభవము, గ్రంథములలో మాకు దొరకని సమాధాన మొకదానిని చూపినది. దానిని చదువరులకు విన్నవింతుము.

మా మిత్రు లొకరు ఆ పట్టణమున ఉపాధ్యాయులు. వారి తండ్రిగారు వకీలు. ఆయన మోజుపడి కొన్న స్టాండర్డ్ హెరాల్డు కారు, ఆయన గతించిన పిదప ఇరువదియేండ్లు ఇంటివెనుక రేకులకొట్టములో టార్పాలిను క్రింద పడియుండెను. ఈ బండి వంశము చెప్పుకొనదగినదే. ట్రయంఫ్ హెరాల్డు అను పేర 1959లో ఇంగ్లండున వెలువడి, 1961 నుండి మదరాసులో తయారై, మన దేశమున స్టాండర్డ్ హెరాల్డని పిలువబడెను. దాని చట్రమునే కురుచచేసి, 1962లో స్పిట్‌ఫైర్ అను ఇద్దరు కూర్చుండు స్పోర్ట్స్ కారును నిర్మించిరి. రెండింటికిని రూపము దిద్దినవాడు ఇటలీ దేశీయుడగు మికెలోట్టి. స్పిట్‌ఫైరునకు ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, మన హెరాల్డునకు నాలుగింటికిని డ్రమ్ము బ్రేకులు; ఈ భేదము తప్ప, అడుగుభాగమున ఈ రెండును అన్నదమ్ముల బిడ్డలే. కావున దేశదేశముల ఔత్సాహికులు స్పిట్‌ఫైరును ముద్దుగా పునరుద్ధరించునపుడు పడు శ్రమయు, మా మిత్రుని హెరాల్డునకు కావలసిన శ్రమయు చాలవర కొక్కటే.

పునరుద్ధరణ మనగానే మా మిత్రునకు స్ఫురించినది రంగు. తండ్రిగారి కాలపు లేతనీలము మరల వేయించవలెను. అద్దములచుట్టు మెరుగు పట్టించవలెను. సీట్లకు క్రొత్త తొడుగులు కుట్టించవలెను. ఇది తప్పని మే మనము. వెండితీగలతో సన్నని అల్లికలు చేయు పనివారి యూరు కరీంనగరము. కంటికి ఇంపైనదాని విలువ ఆ యూరి కెవరును బోధింప నక్కరలేదు. కాని షెడ్డులో బండిని జాకీలపై లేపి, ఉస్తాదు చక్రము లూడదీయగా, కంటికి కనబడని లోకమొకటి బయటపడినది.

బ్రేకు సిలిండరులు తుప్పుపట్టి బిగిసిపోయినవి. ఎవరో ఎప్పుడో బ్రేకు ఆయిలునకు మారుగా ఇంజను ఆయిలు పోసినందున, లోపలి రబ్బరు కప్పు లుబ్బి మెత్తబడినవి. రబ్బరు గొట్టములు వంచినచోటనెల్ల పగిలినవి. షాకబ్జర్లలో నూనె యింకి, కేవలము ఇనుపగొట్టములుగా మిగిలినవి. వెనుక అడ్డముగా నున్న కమాను పట్టీలు తుప్పుతో ఒకదానికొకటి అతుక్కొని, వంగవలసిన చోట వంగక మొండికెత్తినవి.

ఉస్తాదు అన్నిటికంటె ఎక్కువసేపు చూచినది వేరొక చిన్నవస్తువును. ముందుచక్రమును మోయు నిలువు ఉక్కుదండము యొక్క అడుగున మరచుట్టులుండును. ఆ చుట్టులు ఒక కంచుదిమ్మలో తిరుగుచుండును. దానికి ట్రనియను అని పేరు. మనము స్టీరింగు త్రిప్పినప్పుడెల్ల ఆ ఉక్కు ఈ కంచులో తిరుగును. దానికి గేరు ఆయిలు పోయవలెనని నిర్మాతల యాదేశము. తెలియనివారు సులభమని గ్రీజు కూరుదురు. గ్రీజు చుట్టులలోనికి సరిగా దిగదు, నీరు చేరును, తుప్పు లోలోపల తినును. పైకి ఏ జాడయు కనబడదు. ఒకనాడు మలుపులో ఆ దండము పుటుక్కున విరిగి, చక్రము బండిక్రింద మడతపడును. మా మిత్రుని బండిలో ఆ దండము చుట్టులవద్ద సగము తినివేయబడి యుండెను.

మా మిత్రుడు చాలసేపు మౌనముగా నుండి, “ఇవి నాన్నగారు స్వయముగా దగ్గరుండి బిగింపించినవి. తుడిచి, మరల ఇవే బిగింపుడు. నేను మెల్లగనే నడుపుదును” అనెను. చేతనున్న సొమ్ము రంగునకో అడుగుభాగమునకో ఒకదానికే చాలు నన్న మాట ఆయన పైకి చెప్పలేదు గాని, మే మెరుగుదుము. ఉస్తాదు చేతులు గుడ్డతో తుడుచుకొని యిట్లనెను: “సారూ, రంగు మీది, సీటు మీది, ఇంజను గూడ మీదే. బ్రేకు మాత్రం మీది గాదు. ఎదురంగ వచ్చేటోనిది.”

ఈ మాట విన్న నాటినుండి మేము దానిని మరువలేకున్నాము. బండిలోని ప్రతి భాగమును యజమాని సుఖమునకో, శోభకో, వేగమునకో ఏర్పడినది. ఒక్క బ్రేకు మాత్రమే, మన ముఖమైన నెరుగని పరునికొరకు మన బండిలో నుంచబడినది. దారిదాటు పిల్లవానికి, గడ్డిమోపుతో నడచు స్త్రీకి, మలుపునకావల నున్న ఎడ్లబండివానికి మన యాస్తిలో గల వాటా అది. సస్పెన్షనును ఇట్టిదే. కమాను లెగిరెగిరిపడి చక్రము నేల నంటనిచో, ఎంత మంచి బ్రేకైనను లేనట్లే. పరుని సొత్తును మన తండ్రి జ్ఞాపకార్థమై శిథిలముగా నుంచు హక్కు మనకెక్కడిది?

“మెల్లగ నడుపుదు”నన్న వాదమును పరిశీలింతము. వేగము రెట్టింపైన, ఆగుటకు కావలసిన దూరము సుమారు నాలుగింతలగును. కావున మెల్లగ నడుపుట మంచిదే. కాని ఘాటులో వేగము మన చేతిలో నుండునది కాదు, కొండ నెట్టుచుండును. పైగా బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 అను రకము క్రొత్తదిగా నున్నపుడు 230 సెంటిగ్రేడు డిగ్రీలకు లోపల మరుగరాదని నియమము. తేమపట్టిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. పల్లమున విడువక బ్రేకు త్రొక్కినచో డ్రమ్ములు కాగి, ఆ వేడికి లోని తేమ ఆవిరియగును. నూనె నొత్తిన చక్రమాగును. ఆవిరి నొత్తిన అది కుదించుకొనునే గాని చక్రమాగదు. పాదము నేలనంటును, బండి సాగిపోవును. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రములకును నూనె మార్గమొక్కటే. ఒకచోట తప్పిన అన్నిచోటులను తప్పినట్లే. చేతిబ్రేకుతీగ యొక్కటియే మిగులు దిక్కు. హెరాల్డునకు ఇంకొక దోషము గలదు: మలుపులో హఠాత్తుగా బ్రేకు త్రొక్కిన వెనుకభాగము లేచి, వెనుకచక్రములు లోనికి మడిగి పట్టుదప్పవచ్చును. పిదప వచ్చిన గజెల్ కారున ఈ యమరికను మాని ఒకే గట్టి యిరుసు వేసిరి. అనగా, నిర్మాతలే తమ ప్రాతదానిని దిద్దుకొనిరి.

ఇవి యూరక భయపెట్టు మాటలు కావు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటురోడ్డున బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. ఆ బస్సున నూరుమందికి మించి యుండిరి. బరువనియు, దారియనియు, బ్రేకులనియు పలువురు పలువిధముల చెప్పిరి. మేము తీర్పరులము కాము. అయితే ఆ దారిని జగిత్యాలకు పోవువారెవరును, బ్రేకులనుగూర్చి తేలికగా మాటలాడ సాహసింపరు.

ఆ రాత్రి మా మిత్రుడు తల్లితో సంగతి చెప్పెను. ఆమె పెద్దగా చదువుకొన్నది కాదు. “బిడ్డా, మీ నాయిన ఉంటె ఈ బ్రేకులతోని నన్ను గుట్ట దిగనిస్తుండెనా?” అని మాత్రమడిగెను. మరునాడు రంగుమాట వాయిదాపడి, అడుగుపని ఆరంభమైనది.

ఇక్కడ ప్రాతదనమనగానే పారవేయుమను రెండవపక్షమువారికి ఒక మాట. ఉస్తాదు అన్నిటిని పారవేయలేదు. కమాను పట్టీలను విడదీసి, గీకి, విరుగనివాని నుంచి, పగిలినదాని నొక్కదానినే మార్చెను. డ్రమ్ములను కొలిచి, దళసరి మిగిలినందున లేతుపై సన్నగా చెక్కించి నిలిపెను. నిలువుదండములు, ట్రనియనులు, సిలిండరులు, గొట్టములు, లైనింగులు మాత్రము క్రొత్తవి. ప్రాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండును. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. కావున డ్రమ్ములను గాలిగొట్టముతో ఊదనీయక, తడిగుడ్డతో తుడిపించెను. ఎదుటివాడన రోడ్డుమీదివాడే కాదు, మన బండిక్రింద పరుండి పనిచేయు కుఱ్ఱవాడును ఎదుటివాడేయని అప్పుడు మాకు తోచినది.

ఇన్ని మారిన పిదప ఇది తండ్రిగారి బండియేనా యని కొందరడిగిరి. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నాగసేనుడను బౌద్ధభిక్షువు మిళిందుడను రాజును, రథమనగా చక్రమా, ఇరుసా, నొగయా యని యడిగి, ఏ యొక్క భాగమును రథము కాదని యొప్పించిన కథ ప్రసిద్ధము. ధూళికట్ట స్తూపము గల సీమవారము. ఆ భిక్షువుల తర్కము మనకు పరాయిది కాదు. భాగములు మారినను, అది నెరవేర్చు ధర్మము మారనంతవరకు వస్తువు నిలిచియే యుండునని మా భావము. మహబూబ్ అలీ ఖాను కొరకు తయారైన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ నేడు హైదరాబాదు చౌమహల్లాలో ప్రదర్శనమున నున్నది. ప్రదర్శనశాలలో నిలిచినదానిని ఉన్నదున్నట్లుంచుట ధర్మమే. దాని కెదురుగా వచ్చువారు చూపరులే గదా. దారిపైకి వచ్చినదాని ధర్మము వేరు.

మన యాచారములును కొన్ని ప్రదర్శనశాలవి, కొన్ని దారిమీదివి. పండుగనాటి వంట, తాతగారి పేరు మనుమనికి పెట్టుట, పెండ్లిపాట, ఇవి రంగువంటివి. ఇవి మనవి; ఇష్టమున్న నుంచుకొనవచ్చును. ఎదుటివానికి తగులు నాచారములు మాత్రము మనవి కావు. వానిని విప్పి చూడవలసినదే. ఈ భేదము మా మిత్రుని యింటనే పరీక్షకు వచ్చినది.

బండి సిద్ధమై ఇంటికి వచ్చిన యుదయమున చక్రములక్రింద నిమ్మకాయలు పెట్టిరి. బంధువులలో పెద్దవారొకరు మా మిత్రుని తల్లిని, “వదినా, నువ్వు లోపలికి పో, బండికి ఎదురు రావద్దు” అని మెల్లగా హెచ్చరించిరి. ఆమె వితంతువు. మాట మారు పలుకక లోనికి తిరిగెను. ఇట్టి మాటకు ఆ గృహమున ఇరువదియేండ్లుగా ఎవరును అడ్డు చెప్పలేదు. మా మిత్రుడును చెప్పలేదు, అక్కడ పలుమారులుండిన మేమును చెప్పలేదు. నాడు మాత్రము మా మిత్రుడు స్టీరింగు విడిచి దిగి, తల్లిచేయి పట్టుకొని బండిముందరికి దోడ్కొనివచ్చి, కొబ్బరికాయ ఆమెచేత కొట్టించెను. పెద్దవారికి కోపము వచ్చినది. ఆమె చేతులు వణకినవి. “ఎదురుగ వచ్చువారికొరకే గదమ్మా ఇన్నినాళ్లు పనిచేయించితిని” అని ఆయన చెప్పెను.

తరువాత వారు తల్లిని తీసికొని, గోదావరి దాటి, నిర్మలుమీదుగా ఆదిలాబాదులోని కుమార్తె యింటికి పోయివచ్చిరి. రంగు వెలసియే యున్నది. తిరుగుప్రయాణమున మహబూబు ఘాటు ప్రాతదారిని రెండవ గేరులో దిగుచుండగా, మలుపునకావల మేకలమంద అడ్డముగా నుండెనట. బండి ఆగినది. కాపరి తలయైన త్రిప్పక మందను తోలుకొని పోయెను. తనకొరకు కరీంనగరములో ఎవరు ఎన్నిదినములు శ్రమించిరో అతడెరుగడు. ఎరుగ నక్కరయు లేదు.

చదువరులారా, మన యిండ్లలో తాతతండ్రు లిచ్చిన బండ్లు చాల గలవు. అందులో కొన్నిటికి చక్రములు లేవు గాని నడచుచునే యున్నవి. వానికి రంగు వేయుటకు ముందు, ఒక్కమారు జాకీపై లేపి చూడుడు. ఏది మనదో ఏది ఎదుటివారిదో తెలిసికొని, ఎదుటివారిది మొదట బాగుచేయుడు. మనది నిదానముగా చూచుకొనవచ్చును.