స్వభావం ఎంతవరకు?

చిరంజీవి మనవరాలికి, ఆశీస్సులు.

నీ ఉత్తరంలో రెండు మాటలు రాశావు. పనిని వాయిదా వేయడం నీ స్వభావమని ఒకటి. ఆ స్వభావం ఉన్నవాళ్ల బతుకు ఎలా నడుస్తుందో శాస్త్రజ్ఞులు ముందే తేల్చేశారని రెండోది. మొదటి మాట నీ గురించి నువ్వు చెప్పుకున్నది కాబట్టి వాదించను. రెండో మాటను మాత్రం ఊరికే వదలలేను. స్వభావానికీ జీవిత ఫలితాలకూ సంబంధం ఉన్న మాట నిజమే. నూరేళ్లుగా రకరకాలుగా కొలిచి చూసిన విషయమది. అయితే ఆ సంబంధం ఏ దారిన పనిచేస్తుందో గమనిస్తే, నువ్వు తేల్చుకున్నదానికి పూర్తిగా భిన్నమైన సంగతి బయటపడుతుంది. స్వభావం మన బతుకును తిప్పేది రోజూ చేసే చిన్న పనుల ద్వారానే. కనుక దాన్ని పట్టుకుని మళ్లించుకోగల చోటు కూడా అదే. ఈ ఒక్క విషయాన్ని ఆధారాలతో నీ ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

మనుషుల తీరుతెన్నులను కొలవడానికి మనస్తత్వ శాస్త్రంలో ఇప్పుడు ఎక్కువగా ఐదు గుణాలను తీసుకుంటున్నారు. కొత్త విషయాల పట్ల ఆసక్తి, కార్యశ్రద్ధ, కలుపుగోలుతనం, సౌమ్యత, తొందరగా ఆందోళనపడే గుణం. కార్యశ్రద్ధ అని నేనంటున్నది ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న వేళకు, ఎవరూ చూడకపోయినా, సరిగ్గా చేసే గుణాన్ని. ఈ ఐదూ పెట్టెలు కావు, ఒక్కొక్కటీ ఒక కొలబద్ద. ప్రతి మనిషీ ప్రతి కొలబద్ద మీదా ఎక్కడో ఒక చోట ఉంటాడు. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకో. ‘నేను బద్ధకస్తురాలిని’ అని ఎవరైనా అన్నప్పుడు, ఉన్న మెట్టును చెప్పడానికి బదులు తనను తాను ఒక జాతిలో చేర్చేసుకుంటున్నారు. కొలతలు ఆ మాటను సమర్థించవు.

ఇక ఆధారాలు. 1921లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలో బాగా తెలివైన పిల్లలను సుమారు 1,500 మందిని ఎంచుకుని వాళ్ల జీవితాలను నమోదు చేయడం మొదలుపెట్టాడు. ఆ పిల్లల గుణగణాలను తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు 1922లోనే అంచనా వేసి రాసిపెట్టారు. టెర్మన్ 1956లో పోయినా ఆ పని ఆగలేదు. దశాబ్దాల తర్వాత హోవర్డ్ ఫ్రీడ్‌మన్ బృందం ఆ పిల్లల్లో ఎవరు ఏ వయసులో మరణించారో ధ్రువపత్రాలు సేకరించి, 1993లో ఫలితాలు ప్రకటించింది. చిన్నప్పుడు కార్యశ్రద్ధ ఎక్కువ ఉన్నట్టు నమోదైనవాళ్లు సగటున ఎక్కువ కాలం బతికారు. ఎప్పుడూ ఉల్లాసంగా ఉండే పిల్లలు అందరికన్నా ఎక్కువ కాలం బతికి ఉంటారని అనుకుంటాం కదా, వాళ్ల ఆయుర్దాయం సగటున కొంత తక్కువే తేలింది. కారణాలు వెతికితే కొన్ని చాలా మామూలు విషయాలే కనిపించాయి. కార్యశ్రద్ధ ఉన్నవాళ్లు పొగతాగడం, మద్యం తాగడం తక్కువ. ఉల్లాసవంతులకు అవి కొంచెం ఎక్కువ. తేడా మొత్తానికీ ఇవే కారణం కావు గానీ, కారణాల్లో ఇవి ఉన్నాయి.

రెండో ఆధారం న్యూజిలాండ్‌ది. డునెడిన్ నగరంలో 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి వరకు పుట్టిన 1,037 మంది పిల్లలను పరిశోధకులు పుట్టినప్పటి నుంచీ అనుసరిస్తూ వస్తున్నారు. మూడో ఏటి నుంచి పదకొండో ఏటి వరకు వాళ్ల ఆత్మనిగ్రహాన్ని, అంటే కార్యశ్రద్ధకు దగ్గరి గుణాన్ని, పరిశీలకులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, చివరికి ఆ పిల్లలు చెప్పినదాన్ని బట్టి లెక్కగట్టారు. వాళ్లకు 32 ఏళ్లు వచ్చాక ఆరోగ్యం, పొదుపు, అప్పులు, నేర చరిత్ర ఎలా ఉన్నాయో చూసి, టెర్రీ మాఫిట్ బృందం 2011లో ఫలితాలు ప్రచురించింది. నిగ్రహంలో అందరికన్నా కింద ఉన్న ఐదో వంతు పిల్లల్లో 43 శాతం మందికి ఏదో ఒక నేరంలో శిక్ష పడింది. అందరికన్నా పైనున్న ఐదో వంతులో అది 13 శాతం. ఆరోగ్యంలో, డబ్బు వ్యవహారాల్లో కూడా ఇలాగే మెట్టుమెట్టుకూ తేడా కనిపించింది. ఇలాంటి ఫలితాలు ఎక్కడో ఒకచోట కాకతాళీయంగా వచ్చినవేమోనన్న అనుమానం సహజం. దాన్ని తీర్చడానికి క్రిస్టఫర్ సోటో అనే పరిశోధకుడు, గుణాలకూ జీవిత ఫలితాలకూ మధ్య లోగడ ప్రచురితమైన 78 సంబంధాలను పెద్ద నమూనాలతో మళ్లీ పరీక్షించి 2019లో ప్రకటించాడు. 87 శాతం మళ్లీ నిజమే అని తేలాయి. వాటి బలం మాత్రం మొదట చెప్పినదానికన్నా కొంత తగ్గింది.

ఇక్కడ ఆగి ఆ బలం ఎంతో చూడాలి. నువ్వు పొరబడింది సరిగ్గా ఇక్కడే. సంబంధమే లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1 అనే కొలతలో, గుణానికీ ఫలితానికీ మధ్య సంబంధం చాలావరకు 0.1 నుంచి 0.3 వరకు ఉంటుంది. 0.2 అంటే స్థూలంగా ఏమిటో చెబుతాను. నూరుగురిని తీసుకుని కార్యశ్రద్ధను బట్టి రెండు సగాలు చెయ్యి. ఏదో ఒక మంచి ఫలితం వాళ్లలో సరిగ్గా యాభై మందికి దక్కిందనుకో. పై సగంలో దాన్ని పొందినవాళ్లు సుమారు ముప్పై మంది, కింది సగంలో సుమారు ఇరవై మంది ఉంటారు. ఈ తేడా చిన్నది కాదు, ఏ ప్రభుత్వమైనా ఒక పథకంతో ఇంత తేడా తెస్తే గొప్పగా చెప్పుకుంటుంది. కానీ కింది సగంలో ఆ ఇరవై మందిని కూడా చూడు. పై సగంలో ఉండీ ఫలితం దక్కని ఇరవై మందినీ చూడు. డునెడిన్‌లోనూ అంతే. అట్టడుగున ఉన్న పిల్లల్లో సైతం సగానికి పైగా ఏ శిక్షా పడకుండానే బతికారు. గుంపు గురించి చెప్పిన లెక్కను ఒక్క మనిషికి జాతకంలా చదివితే లెక్కకూ అన్యాయం, మనిషికీ అన్యాయం.

మరి ఇంత బలహీనమైన సంబంధం జీవితంలో అంత తేడా ఎలా తెస్తుంది? 1968లో వాల్టర్ మిషెల్ ఇదే ప్రశ్నతో ఈ శాస్త్రాన్ని కుదిపేశాడు. మనిషి ఒక సందర్భంలో ఎలా నడుచుకుంటాడో అతని గుణాన్ని బట్టి చెప్పడం దాదాపు అసాధ్యమనీ, సందర్భమే ఎక్కువ నడిపిస్తుందనీ వాదించాడు. ఆయన అన్నదాంట్లో చాలా నిజముంది. దానికి 1979లో సీమూర్ ఎప్‌స్టీన్ ఇచ్చిన జవాబు కూడా నిజమే. ఒక్క రోజు ప్రవర్తనను గుణం చెప్పలేదు, చాలా రోజుల సగటును బాగానే చెప్పగలదు. నా దృష్టిలో మొత్తం విషయానికి తాళంచెవి ఇదే. రక్తపోటు మాత్ర ఒకరోజు మర్చిపోతే ఏమీ కాదు. నెల జీతంలో కొంత దాచడం ఒకసారి తప్పితే ఎవరూ బికారులు కారు. భార్యాభర్తల మధ్య ఒక్క కసురుడుతో కాపురం కూలదు. కానీ ముప్పై ఏళ్లంటే దాదాపు 11 వేల రోజులు. బావి గట్టు రాతిని చేంతాడు ఒక్క తోడుకు ఏం చేయగలదు? ఏళ్ల తరబడి తోడాక రాతిలో గాడి పడుతుంది. స్వభావం చేసే పని కూడా అలాంటిదే. అది ఏ ఒక్క నిర్ణయంలోనూ పెద్దగా కనిపించదు, వేల నిర్ణయాల మొత్తంలో కనిపిస్తుంది.

నీకు వచ్చే అభ్యంతరాలు ఊహించగలను. ఇదంతా ఉన్నవాళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లల అదృష్టానికి గుణమనే పేరు పెట్టడం కాదా అని అడుగుతావు. అడగవలసిన ప్రశ్నే. నాలుగేళ్ల పిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామన్న స్టాన్‌ఫర్డ్ ప్రయోగం గురించి వినే ఉంటావు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారని చాలాకాలం చెప్పుకున్నారు. 2018లో టైలర్ వాట్స్ బృందం సుమారు 900 మంది పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి తగ్గింది. కుటుంబ నేపథ్యాన్ని, పిల్లల తెలివితేటలను కూడా లెక్కలోకి తీసుకున్నాక అందులోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది. రేపు ఇంట్లో అన్నం ఉంటుందో లేదో తెలియని పిల్ల చేతికొచ్చినది ఇప్పుడే తినేయడంలో అవివేకం ఏమీ లేదు. కాబట్టి నీ అభ్యంతరంలో సగం పాలు సత్యం. మిగతా సగానికి జవాబు డునెడిన్‌లోనే ఉంది. కుటుంబ స్థితినీ తెలివినీ లెక్కించాక కూడా అక్కడ నిగ్రహం ప్రభావం మిగిలింది. అదే పత్రంలో బ్రిటన్ కవలల వివరాలూ ఉన్నాయి. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో, ఐదో ఏట నిగ్రహం తక్కువున్న బిడ్డ పన్నెండో ఏటికి చదువులో వెనకబడడానికి, పొగతాగడం మొదలుపెట్టడానికి అవకాశం ఎక్కువని తేలింది. ఇల్లు ఒకటే, గుణం వేరు, దారి వేరు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మన సామెత. అది నిజమైతే ఈ ఉత్తరమే అనవసరం. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి, మనుషుల గుణాల్లో కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం వరకు వారసత్వానికి ముడిపడి ఉన్నాయి. అది తక్కువేమీ కాదు. కానీ వారసత్వంగా వచ్చిందంటే మారదని అర్థం కాదు. 2006లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం, ఏళ్ల తరబడి మనుషులను అనుసరించిన 92 నమూనాలను కలిపి చూసింది. కార్యశ్రద్ధ, మానసిక స్థిమితం వయసుతో పాటు పెరుగుతాయనీ, ఆ మార్పు ఎక్కువగా ఇరవైకీ నలభైకీ మధ్యే జరుగుతుందనీ తేలింది. అంటే నువ్వు ఇప్పుడు అడుగుపెడుతున్న కాలంలోనే. కావాలని మార్చుకోగలమా అన్నదానికీ ఆధారం ఉంది. 2019లో నాథన్ హడ్సన్ బృందం 377 మంది విద్యార్థులను పదిహేను వారాల పాటు చూసింది. వాళ్లు తాము మార్చుకోదలచిన గుణానికి తగిన చిన్నచిన్న పనులను వారం వారం ఒప్పుకున్నారు. ఆ పనులను నిజంగా చేసినవాళ్లలో మార్పు వచ్చింది. ఒప్పుకుని చేయనివాళ్లకు ఒప్పుకోవడం వల్ల ఒరిగిందేమీ లేదు. కోరిక గుణాన్ని మార్చదు, చేసిన పని మారుస్తుంది. డునెడిన్ పిల్లల్లో కూడా మొదట నిగ్రహం తక్కువగా ఉండి, యవ్వనానికి వచ్చేసరికి పెంచుకున్నవాళ్ల జీవితాలు, వాళ్ల బాల్యం సూచించినదానికన్నా మెరుగ్గా ఉన్నాయి.

ఇవన్నీ ఎక్కడో కాలిఫోర్నియా, న్యూజిలాండ్ మనుషుల లెక్కలు, మనకెందుకు అని కూడా అనవచ్చు. బొలీవియా అడవుల్లో వ్యవసాయం, వేట మీద బతికే త్సిమానే ప్రజల మధ్య మైఖేల్ గుర్వెన్ బృందం ఈ ఐదు గుణాలను వెతికితే అవి అదే రూపంలో కనిపించలేదని 2013లో తేల్చింది. కాబట్టి ఈ ఐదు పేర్లను ప్రపంచమంతటికీ చెల్లే చట్రమని నేను అనను. పేర్లు మారినా దారి మారదు. వేళకు మందు వేసుకోవడం, మాట నిలబెట్టుకోవడం, కోపాన్ని ఒక పూట ఆపుకోవడం అనంతపురంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఏళ్లు గడిచేకొద్దీ పోగుపడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన అభ్యంతరాన్ని నేనే లేవదీస్తాను. మంచి ఫలితం వచ్చిన గుణమే మంచి గుణమా? కాదు. తిమోతీ జడ్జ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సౌమ్యులైన మగవాళ్లు అంత సౌమ్యులు కానివాళ్లకన్నా సగటున తక్కువ సంపాదిస్తున్నారు. దాన్ని చదివి ఎవరైనా తమ మెత్తదనాన్ని వదులుకుంటే, జీతం పెరగవచ్చు గానీ మనిషి తరుగుతాడు. కార్యశ్రద్ధకూ ఒక ఇబ్బంది ఉంది. జర్మనీలో 9,570 మందిని నాలుగేళ్లు అనుసరించి క్రిస్టఫర్ బాయ్స్ బృందం 2010లో చెప్పినదాన్ని బట్టి, ఉద్యోగం పోయినప్పుడు జీవితం మీద తృప్తి అందరికన్నా ఎక్కువగా సడలిపోయేది కార్యశ్రద్ధ ఉన్నవాళ్లకే. శ్రమకు ఫలం దక్కి తీరుతుందని నమ్మినవాళ్లు, దక్కనప్పుడు తమనే దోషులుగా ఎంచుకుంటారు. గ్రూప్స్ పరీక్షల కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్లు గడుపుతున్న పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. ఉద్యోగాలు వందల్లో, అభ్యర్థులు లక్షల్లో ఉన్నచోట ఎక్కువమందికి రాకపోవడం కూడికలు తీసివేతలకు సంబంధించిన విషయం. వాళ్ల గుణానికి అది తీర్పు కాదు.

అందుకే అమ్మలూ, ఈ ఆధారాలన్నిటి నుంచి నీకు నేను చెప్పదలచినవి మూడే. స్వభావాన్ని మొత్తంగా మార్చుకుంటానని ప్రతిజ్ఞ చేయకు. ఈ వారం వాయిదా వేయకుండా చేయగల ఒక్క పనిని ఎంచుకుని, దానికి వేళ పెట్టుకుని చెయ్యి. వచ్చే వారం మళ్లీ చెయ్యి. ఒకరోజు తప్పితే అది ఒక రోజు తప్పడం మాత్రమే, నీ స్వభావం రుజువు కావడం కాదు. రెండోది, ఈ జ్ఞానాన్ని నీ మీద వాడుకో, ఇతరుల మీద వాడకు. వాన రాక, సొంత భూమి లేక, పెట్టుబడికి అధిక వడ్డీ కట్టి నష్టపోయిన కౌలు రైతును చూసి క్రమశిక్షణ లేదని తీర్పు చెప్పే హక్కు ఏ పరిశోధనా మనకివ్వలేదు. మన గెలుపులో పుట్టిన ఇంటి పాలు ఎంతో, ఎదుటివాళ్ల ఓటమిలో పరిస్థితుల పాలు ఎంతో విడదీసి చెప్పగల త్రాసు ఎవరి దగ్గరా లేదు. మూడోది, ఫలితం కోసమే గుణాన్ని పెంచుకోకు. మాట నిలబెట్టుకోవడం ఆయుష్షు పెంచినా పెంచకపోయినా చేయదగ్గదే. ఎందుకంటే ఆ మాట మీద ఆధారపడి మరొకరు ఎదురుచూస్తున్నారు. లెక్కలు ఎటు తిరిగినా ఈ కారణం చెక్కుచెదరదు.

ఇట్లు, ఆశీస్సులతో,
తాతయ్య