ఆటిజం థెరపీ, ఆరోగ్య బీమా: ఒక న్యాయ విచారణ

ఆటిజం ఉన్న బిడ్డ థెరపీ ఖర్చును ప్రైవేటు ఆరోగ్య బీమా భరించాలా అన్నది పైకి లెక్కల ప్రశ్న, మూలంలో న్యాయానికి చెందిన ప్రశ్న. కష్టం ఎవరికి వస్తుందో తెలియనప్పుడు అందరూ తలా కొంత వేసుకుని, వచ్చినవారిని ఆదుకునే ఏర్పాటే బీమా. అమెరికాలో బీమా కంపెనీలు చాలాకాలం ఈ థెరపీని వైద్యంగా ఒప్పుకోలేదు. అది చదువుకు సంబంధించినదని, బడి చూసుకోవాలని వాదించాయి.

తత్త్వవేత్త రొనాల్డ్ డ్వార్కిన్ 1981లో సమానత్వంపై రాసిన వ్యాసం ఈ చిక్కుకు దారి చూపుతుంది. ఆయన అదృష్టాన్ని రెండుగా విడదీశారు: తెలిసి తీసుకున్న నిర్ణయం వల్ల కలిగేది ఒకటి, ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చిపడేది మరొకటి. బీమా దొరికితే రెండోదానికీ ముందే సిద్ధపడవచ్చు. కానీ పుట్టబోయే బిడ్డ తన కోసం పాలసీ తీసుకోలేదు. కనుక అందరికీ సమాన స్తోమత ఉండి, ఎవరికి ఏ వైకల్యం వస్తుందో తెలియకపోతే ఎంత రక్షణ కొనుక్కునేవారో ఊహించి, ఆ మేరకు సమాజం భరించాలన్నది ఆయన వాదన.

అమెరికా చట్టాలు ఈ దిశలో సగం దూరమే నడిచాయి. ఆటిజానికి బీమా వర్తించాలని 2001లో ఇండియానా రాష్ట్రం చట్టం చేసింది. 2019 నాటికి మొత్తం 50 రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో ఆ బాట పట్టాయి. అయితే 1974 నాటి కేంద్ర చట్టం ప్రకారం, ఉద్యోగుల వైద్య ఖర్చును స్వయంగా భరించే కంపెనీల ప్లాన్లకు రాష్ట్రాల నిబంధనలు వర్తించవు. పెద్ద కంపెనీల్లో చాలావరకు ఇదే పద్ధతి. వాటిలో పనిచేసే తెలుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. ఒకే వీధిలో ఉన్న ఇద్దరు పిల్లలకు ఒకే అవసరం ఉన్నా, ఒకరికి థెరపీ అంది మరొకరికి అందకపోవడానికి తల్లిదండ్రుల ఉద్యోగమే కారణం కావచ్చు. పుట్టుకలోని అన్యాయాన్ని సరిదిద్దాల్సిన ఏర్పాటే కొత్త అన్యాయాన్ని చేర్చడం సమర్థించలేనిది.

ఏ థెరపీకి చెల్లించాలన్నదీ నైతిక ప్రశ్నే. దాహం వేసినప్పుడు గ్లాసు బొమ్మను చూపి నీళ్లడగడం నేర్చుకున్న బిడ్డకు స్వేచ్ఛ పెరుగుతుంది. అదే బిడ్డ ఎవరికీ హాని లేకుండా చేతులు ఆడించడాన్ని థెరపీతో మాన్పించడం వల్ల పెరిగేది చూసేవారి సౌకర్యమే. మనిషి ఏం చేయగలడు, ఎలా జీవించగలడు అన్నదే సమానత్వానికి కొలమానం కావాలన్న ఆర్థికవేత్త అమర్త్యసేన్ ఆలోచన ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. బిడ్డ సామర్థ్యాన్ని పెంచే థెరపీకి చెల్లించడం దయ కాదు, అందరూ పంచుకోవలసిన బాధ్యత.